నల్ల బీరు రుచి చూడబోతున్న మేనల్లుడికి

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీస్సులు.

మొన్న ఆదివారం మీ అమ్మ ఫోనులో నీ సంగతి చెబుతుంటే ఆమె గొంతులోని బెంగ నాకు వెంటనే తెలిసిపోయింది. థాంక్స్‌గివింగ్ మర్నాడు తెల్లవారుజామున షికాగో చలిలో దుకాణం ముందు వరుసలో నిలబడి గూస్ ఐలాండ్ బీరు కంపెనీ వాళ్ళ బోర్బన్ కౌంటీ స్టౌట్ అనే గట్టి నల్ల బీరు మూడు సీసాలు కొన్నావని, వచ్చే శనివారం రాత్రి ముగ్గురు స్నేహితులను ఇంటికి పిలిచావని చెప్పి, "వాడికి ఇదెక్కడి అలవాటురా తమ్ముడూ?" అని అడిగింది. అక్కయ్యకు నచ్చజెప్పి ఫోను పెట్టేశాను కాని, ఆ రాత్రి నాకే సరిగా నిద్ర పట్టలేదు. అందుకే ఈ ఉత్తరం.

నువ్వు తలా ఒక కాగితం ఇచ్చి, ముందు వాసన, తరువాత రుచి ఎలా ఉన్నాయో రాయమని అడగబోతున్నావట. ఆ మాట విని గర్వపడ్డాను. మీ తాతయ్య కాఫీ గింజలు ఇంట్లోనే వేయించేవారు. నల్లబడబోయే గింజకు, మాడిపోయిన గింజకు మధ్య రెండు నిమిషాల తేడా ఉంటుందని, ఆ రెండు నిమిషాలూ మూకుడు దగ్గర ఎవరూ మాట్లాడకూడదని ఆయన పట్టుదల. పొగ రంగు మారగానే మూకుడు దించి, వేడి గింజ ఒకటి కొరికి, తృప్తిగా ఉంటే తల ఊపేవారు. ఆ శ్రద్ధ నీకు వచ్చిందని అనుకున్నాను. శనివారం నీ గ్లాసులో నీకు ముందుగా తగలబోయేది కూడా ఆ మూకుడు వాసనే, ఎందుకంటే ఈ బీరుకు నలుపు వచ్చేది కాఫీ గింజల్లాగే నల్లగా వేయించిన బార్లీ వల్ల.

చిన్న సంగతులు ముందు చెప్పేస్తాను. సీసాను నిలువుగా, చీకటిలో, చల్లటి చోట ఉంచు. ఫ్రిజ్‌లోంచి తీసి ముప్పావుగంట బయట పెట్టాక మూత తియ్యి. పెద్ద బీరు గ్లాసులు వద్దు, కడుపు వెడల్పుగా మూతి ఇరుకుగా ఉండే చిన్న గ్లాసులు కావాలి. గ్లాసులు సబ్బు వాసన లేకుండా కడిగి ఆరబెట్టు. పక్కన మంచినీళ్ళు పెట్టు. అందరూ అన్నం తిన్న తరువాతే మొదలుపెట్టు.

ఇక నేను నిజంగా చెప్పదలచుకున్నది చెబుతాను, కొంచెం ఓపికగా చదువు.

ఈ రకం స్టౌట్‌ను ఇంపీరియల్ స్టౌట్ అంటారు, దీని పుట్టిల్లు లండన్. థేమ్స్ నదికి దక్షిణపు ఒడ్డున, సదర్క్‌లో, థ్రేల్ కుటుంబానికి యాంకర్ బ్రూవరీ అనే బీరు కార్ఖానా ఉండేది. 18వ శతాబ్దంలో అక్కడ చేసే పోర్టర్ అనే నల్ల బీరులో గట్టి రకం రష్యా రాజాస్థానానికి వెళ్ళేది. ఇంపీరియల్ అన్న పేరు ఆ సంబంధం వల్ల వచ్చిందే. 1796లో జోసెఫ్ ఫారింగ్టన్ అనే చిత్రకారుడు ఆ బీరు తాగి, అది రష్యా మహారాణి కోసం ప్రత్యేకంగా చేసినదనీ, ఏడేళ్ళు నిలవ ఉంటుందనీ తనకు చెప్పారని డైరీలో రాసుకున్నాడు. సముద్ర ప్రయాణంలో పాడవకుండా ఉండాలనే అంత గట్టిగా చేశారని చాలామంది చెబుతారు గాని, అంతకంటే పలుచటి పోర్టర్లు కూడా అదే సముద్రం దాటి వెళ్ళాయి కనుక ఆ కథను నేను నమ్మను. గట్టి బీరు ఇష్టపడేవాళ్ళు అక్కడ ఉన్నారు, అందుకే పంపారు.

గట్టిదనం సంగతే నీకు అర్థం కావాలి. ఇంత బలమైన బీరు చేయాలంటే మామూలు బీరుకు పట్టే మాల్ట్‌కు, అంటే మొలకెత్తించి ఆరబెట్టిన బార్లీకి, రెట్టింపు పైగా వెయ్యాలి. దానితో వచ్చే కషాయం పానకంలా చిక్కగా ఉంటుంది. ఈస్టు అందులోని చక్కెరను తిని మద్యంగా మారుస్తుంది, కాని అంత చక్కెరనూ తినలేదు, కొంత భాగం అలాగే మిగిలిపోతుంది. అందువల్ల ఒకే సీసాలో బలమూ ఎక్కువ, తీపీ ఎక్కువ. పైగా ఆ తీపి బలాన్ని నాలుకకు తెలియనివ్వదు. నీ సీసా మీద 14 శాతానికి అటూ ఇటూగా రాసి ఉంటుంది, చూసుకో. 500 మిల్లీలీటర్ల సీసాలో 70 మిల్లీలీటర్ల మద్యం ఉంటుంది. అమెరికాలో మామూలుగా తాగే 355 మిల్లీలీటర్ల, 5 శాతం బీరు నాలుగు సీసాలు కలిస్తే అంత అవుతుంది. హైదరాబాదులో మనవాళ్ళకు అలవాటైన 650 మిల్లీలీటర్ల మైల్డ్ సీసాలు రెండు కలిపినా అంత కాదు.

ఈ లెక్క నాకు 1999 జనవరిలో ఎవరూ చెప్పలేదు. నేనూ సీసా మీద చదవలేదు.

షికాగోలో ఆ సంవత్సరం మొదటి రోజుల్లోనే పెద్ద మంచు తుఫాను వచ్చింది. అది వెళ్ళిపోయాక రెండో శనివారం, నాతో పనిచేసే ఒక మిత్రుడిని మా అపార్టుమెంటుకు భోజనానికి పిలిచాను. అతను వరంగల్ నుంచి వచ్చి ఆరు నెలలైంది. తాగే అలవాటున్నవాడు కాదు, ఎప్పుడైనా నలుగురిలో కూర్చున్నప్పుడు ఒక సీసా తీసుకునేవాడు, అంతే. నేను దుకాణంలో నల్లటి స్టౌట్ పెద్ద సీసాలు రెండు కొని తెచ్చాను. 650 మిల్లీలీటర్ల సీసాలు, 10 శాతం బలం. మనిషికొక సీసా అన్నది మన హైదరాబాదు లెక్క, నేను ఆ లెక్కే వేశాను. ఫ్రిజ్‌లో చోటు లేక వాటిని బాల్కనీలో పేరుకున్న మంచులో మెడదాకా గుచ్చిపెట్టాను. రెండు గంటల తరువాత తీస్తే సీసాలు వేళ్ళకు అంటుకుపోయేంత చల్లగా ఉన్నాయి. అంత చలిలో వాసన ఏదీ పైకి రాదు, మద్యం మంట కూడా తెలియదు. చల్లటి కాఫీలో చక్కెర ఎక్కువ వేసినట్టు ఉంది. మా ఇద్దరికీ బాగా నచ్చింది. వంట ఇంకా కాలేదు, కడుపులు ఖాళీ. అరగంటలోపే అతను తన సీసా పూర్తిచేశాడు.

భోజనం అయ్యాక అతను మామూలుగానే ఉన్నాడు. మాట తడబడలేదు, నడక తూలలేదు. ఇంట్లో భార్య ఒక్కతే ఉందని, ఆమెకు అయిదో నెల అని, త్వరగా వెళ్ళాలని లేచాడు. తలుపు దగ్గర బూట్లు వేసుకుంటూ రెండుసార్లు లేసు జారవిడిచాడు. నేను చూశాను. చూసి కూడా, చలికి వేళ్ళు కొంకర్లు పోయాయేమో అనుకుని తాళం చెవి నేనే అతని చేతికి అందించాను. మద్యం రక్తంలో పూర్తిగా చేరడానికి అరగంట నుంచి గంటన్నర దాకా పడుతుందని నాకు అప్పుడు తెలియదు. గ్లాసు ఖాళీ చేసినప్పుడు బాగున్నవాడు రోడ్డు మీదకు వెళ్ళాక బాగుండకపోవచ్చునన్న ఆలోచనే రాలేదు.

తెల్లవారుజామున నాలుగింటికి ఫోను మోగింది. కారు మలుపులో జారి పక్కనున్న కందకంలోకి దిగిపోయింది. పోలీసులు పరీక్ష చేస్తే రక్తంలో మద్యం 0.08 శాతం అనే చట్టపు హద్దు దాటింది. దేవుడి దయవల్ల ఎవరికీ దెబ్బ తగలలేదు, ఎదురుగా మరో బండి రాలేదు. నేను స్టేషనుకు వెళ్ళేసరికి అతను బల్ల మీద వంగి కూర్చుని ఉన్నాడు, ఒక కాలి బూటు లేసు ఇంకా ఊడే ఉంది. నన్ను చూసి కోపంగా ఏమీ అనలేదు. "నువ్వు ఇచ్చింది బీరే కదా?" అని మాత్రం అడిగాడు. అతనికి నిజంగా అర్థం కాలేదు. నా దగ్గర జవాబు లేదు.

అతని లైసెన్సు కొన్ని నెలలు పోయింది. మా ఇళ్ళ దగ్గరి నుంచి ఆఫీసుకు బస్సు లేదు. రోజూ ఉదయం అతన్ని నేనే ఆఫీసుకు తీసుకువెళ్ళి, సాయంత్రం నేనే దింపేవాణ్ణి. అతని భార్యను డాక్టరు దగ్గరికి కూడా నా కారులోనే తీసుకువెళ్ళాము. అన్ని నెలల్లోనూ ఆమె ఆ రాత్రి గురించి నన్ను ఒక్క మాట అడగలేదు. వెనక సీటులో కూర్చుని రెండు చేతులూ పొట్ట మీద పెట్టుకునేది. నేను అద్దంలో చూసి, వెంటనే చూపు రోడ్డు మీదకు తిప్పుకునేవాణ్ణి.

కాబట్టి నీ మీద కోప్పడే హక్కు నాకు ఉంది, కోప్పడతాను. మూడు సీసాలూ ఆ ఒక్క రాత్రే తెరుస్తానన్నావట, అది కుదరదు. ఒక్క సీసా తెరువు. నలుగురికి పంచితే తలా 125 మిల్లీలీటర్లు వస్తాయి, అంటే ఒక్కొక్కరికి దాదాపు ఒక మామూలు బీరంత మద్యం. రుచి చూడడానికి అంతకంటే అక్కరలేదు. దాన్నే రెండు విడతలుగా పొయ్యి, గంటన్నరసేపు తాగండి. గ్లాసులో పోసే ముందే బలమెంతో అందరికీ పైకి చదివి వినిపించు. కారు తెచ్చినవాళ్ళ తాళం చెవులు తలుపు తీయగానే తీసుకుని నీ బీరువాలో పెట్టు, పడుకోవడానికి చోటు ఇవ్వు. ఎవరైనా వద్దంటే బలవంతం చేయకు. "కొంచెమేరా" అనే మాట నీ నోట రాకూడదు.

ఇవన్నీ చేశాక, నాయనా, ఆ గ్లాసును తీరికగా ఆనందించు. అది చాలా గొప్ప పానీయం. నూనెలా మెల్లగా జారుతుంది, నురగ గోధుమ రంగులో లేచి త్వరగా అణగిపోతుంది. గ్లాసు తిప్పితే అంచున పాకంలా సన్నటి చారలు దిగుతాయి. ముందు తాగకుండా వాసన చూడు. కాఫీ డికాషన్, తాటిబెల్లం, ఖర్జూరం, వెనకనుంచి వెనిల్లా, కొబ్బరి. ఈ బీరును బోర్బన్ అనే అమెరికన్ విస్కీ ఉంచిన పాత పీపాల్లో నిలవ పెడతారు, ఆ వెనిల్లా, కొబ్బరి వాసనలు ఆ పీపా కర్ర ఇచ్చినవి. బోర్బన్‌ను లోపల కాల్చిన కొత్త ఓక్ పీపాల్లోనే ఉంచాలని అమెరికాలో చట్టం ఉంది, ఒకసారి వాడిన పీపా మళ్ళీ బోర్బన్‌కు పనికిరాదు కనుక బీరు చేసేవాళ్ళకు దొరుకుతుంది. ఒక చిన్న గుటక నాలుక మీద పరిచి, మింగాక ముక్కుతో ఊపిరి వదులు. మొదట తీపి, తరువాత చేదు, చివర గొంతులో వెచ్చదనం. ఆ వెచ్చదనం గురించి నీ కాగితంలో తప్పక రాయించు, ఎందుకంటే బలం తన సంగతి చెప్పుకునేది అక్కడే. పావుగంట తరువాత అదే గ్లాసు మళ్ళీ వాసన చూస్తే వేరే బీరులా ఉంటుంది. పుల్లటి వాసన గాని తడి అట్టపెట్టె వాసన గాని వస్తే సీసా పాడైందని అర్థం, మొహమాటపడకుండా పారబొయ్యి.

తినడానికి మిరపకాయ బజ్జీలు పెట్టకు, అంత మద్యం తగిలితే కారం రెట్టింపై నాలుక పనిచేయదు. వేయించిన జీడిపప్పు, నీలి చారల చీజ్, కొంచెం వెనిల్లా ఐస్‌క్రీము చాలు. మిగిలిన రెండు సీసాల్లో ఒకటి వచ్చే ఏడు ఇదే సమయానికి తెరిచి, ఈసారి రాసిన కాగితాలతో పోల్చి చూడండి. వేయించిన వాసన కొంత తగ్గి, ఎండు ద్రాక్ష వాసన పైకి వస్తుంది. రెండోది నేను వచ్చినప్పుడు చూద్దాం.

మీ అమ్మకు నేను మాట ఇచ్చాను. శనివారం రాత్రి మీకు పదకొండు గంటలైనప్పుడు మాకు ఆదివారం ఉదయం పదిన్నర అవుతుంది. నేను ఫోను పక్కనే కూర్చుంటాను. నువ్వు ఒక్కడివే మాట్లాడి పెట్టెయ్యకు, స్పీకరు పెట్టి నీ స్నేహితులు ముగ్గురి చేతా మాట్లాడించు. నలుగురి గొంతులూ ఆ ఇంట్లోంచే నాకు వినపడాలి.

ఇట్లు,
మీ మామయ్య