రెండు రౌండ్లకే ఆయాసం: బద్ధకం కాకపోవచ్చు
మాస్టారూ, తొమ్మిదో తరగతి అమ్మాయిలు కొందరు రెండు రౌండ్లు పరిగెత్తగానే కూలబడుతున్నారని, అది బద్ధకమేమోనని రాశారు. నాకు ముందు రక్తహీనత మీదే అనుమానం. కింది కనురెప్ప లోపలి వైపు పాలిపోయి ఉందేమో చూడండి. తేల్చేది మాత్రం రక్తపరీక్షే. ఈ వయసు అమ్మాయిలకు హిమోగ్లోబిన్ 12 గ్రాములకు తగ్గితే రక్తహీనత కిందే లెక్క. పీహెచ్‌సీలో చేయించండి.

బడిలో వారానికొకటి ఇచ్చే నీలం రంగు ఐరన్ మాత్ర నిజంగా మింగుతున్నారా, కిటికీలోంచి విసిరేస్తున్నారా? మధ్యాహ్న భోజనం అయ్యాక మీ ఎదుటే వేయించండి. పరగడుపున వేస్తే వికారం పుడుతుంది. మలం నల్లబడుతుందని ముందే చెప్పించండి, లేకపోతే భయపడి మానేస్తారు.

ఫలితం వచ్చేదాకా పరుగు ఆపి నడక చాలు. గుండెదడ ఉన్నా, స్పృహ తప్పినా వెంటనే డాక్టరుకు చూపించాలి. అన్నట్టు, పొద్దున ఏం తిని వస్తున్నారో అడిగారా?