డిస్కులు వేశాక హ్యాండ్ బ్రేక్ పోయింది, ఏం చెయ్యాలి?

ప్రశ్న: సార్, నా పాత పికప్‌కి వెనక డ్రమ్ములు తీయించి విజయవాడ ఆటోనగర్‌లో డిస్కులు వేయించా, బ్రేక్ బాగానే పడుతోంది కానీ హ్యాండ్ బ్రేక్ కేబుల్ ఊరికే వేలాడుతోంది. గేర్లో పెట్టి చక్రం కింద రాయి పెడుతున్నా, చాలదా? – ఒక పాఠకుడు, గుంటూరు

జవాబు: చాలదండీ. కరకట్ట ర్యాంపు మీద లోడుతో ఆపినప్పుడు ఆ రాయి జారితే వెనకున్న మనిషి ఏమైపోవాలి?

డ్రమ్ములో కేబుల్ ఒక లివర్ని లాగితే షూలు (లోపలి బ్రేక్ పట్టీలు) తెరుచుకుని డ్రమ్ముని ఒత్తి పట్టుకుంటాయి, డ్రమ్ముతో పాటు ఆ లివరూ పోయింది, డిస్కుని నొక్కి పట్టే మామూలు కాలిపర్ ఆయిల్ ప్రెషర్‌తోనే పనిచేస్తుంది కదా. కాబట్టి కేబుల్ లివర్ ఉన్న కాలిపర్ వేయించండి, లేదా డిస్కు మధ్య గిన్నెలో చిన్న షూలుండే రకం. లోడు బండికి నేనైతే రెండోదే అంటాను. హ్యాండిల్ కేబుల్ని ఎంత లాగుతుందో, కొత్త లివర్‌కి ఎంత కావాలో ముందే కొలిపించండి, అది కుదరకపోతే ఎంత లాగినా పట్టదు.

పాత జీపుల్లోలా ప్రొపెల్లర్ షాఫ్ట్ (గేర్‌బాక్సు నుంచి వెనక చక్రాలకి వెళ్లే కడ్డీ) మీద బ్రేక్ కూడా పెట్టొచ్చు, కానీ జాకీతో ఒక వెనక చక్రం లేపారంటే రెండు చక్రాల్నీ వేర్వేరుగా తిరగనిచ్చే డిఫరెన్షియల్ వల్ల బండి కదిలిపోతుంది, జాగ్రత్త. ఆయిల్ ప్రెషర్ని బంధించే లైన్ లాక్ వాల్వు మాత్రం పార్కింగ్‌కి వద్దే వద్దు, ప్రెషర్ మెల్లగా దిగిపోతుంది.

ఇంకోటి, 1988 మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 బండికి చేసే ఇలాంటి మార్పుల గురించే, ఆర్టీవో ఆఫీసులో ఒకసారి అడగండి.