ఎపిడ్యూరల్ సూది ప్రసవం దాకా వెన్నులోనే ఉంటుందా?

కాన్పు నొప్పులు తగ్గించడానికి వెన్నులో గుచ్చే సూది బిడ్డ పుట్టేదాకా లోపలే ఉంటుందా, దానివల్ల జన్మంతా నడుము నొప్పి వస్తుందా అని మీరు అడిగారు. నా మొదటి కాన్పు పుట్టింట, నెల్లూరులో, ఎపిడ్యూరల్‌తోనే జరిగింది కనుక, అనుభవించినదీ మత్తు డాక్టరు గారిని అడిగి తెలుసుకున్నదీ రాస్తున్నాను.

సూది లోపల ఉండదు. కొన కాస్త వంగి ఉండే 16 లేదా 18 గేజి (ఈ అంకె పెరిగేకొద్దీ సూది సన్నం) ట్యూయీ సూదిని, వెన్నుపాము ముగిసిన చోటికి దిగువన, రెండు పూసల సందులోంచి పోనిస్తారు. సూది వెనక సెలైన్ సిరంజి ఉంటుంది. పూసలను కలిపే గట్టి లిగమెంటులో సూది ఉన్నంతసేపూ ఎదురు తన్నే సిరంజి పిస్టన్, వెన్నుపామును చుట్టిన పొరకు బయట ఉండే ఎపిడ్యూరల్ ఖాళీలో సూది అడుగుపెట్టగానే తేలికగా దిగిపోతుంది. చేరవలసిన చోటికి చేరామని డాక్టరుకు తెలిసేది ఆ క్షణంలోనే. అప్పుడు దారమంత సన్నని గొట్టాన్ని 4, 5 సెంటీమీటర్లు లోపల వదిలి, సూదిని తీసేసి, గొట్టాన్ని వీపు మీదుగా భుజం దాకా ప్లాస్టరుతో అంటిస్తారు. మందు ఆ గొట్టంలోంచే ఇస్తారు.

సిజేరియన్‌కు మామూలుగా ఇచ్చే స్పైనల్ అనే మత్తు సూది వేరు. అందులో 25 లేదా 27 గేజి సన్నని సూది ఆ పొరను దాటి వెన్నుపాము చుట్టూ ఉండే నీటిలోకే వెళ్తుంది. మందు ఒక్కసారే ఇస్తారు, నిమిషాల్లో నడుము కింద మొద్దుబారుతుంది, రెండు గంటలకు అటూఇటూగా వదిలిపోతుంది. గంటల తరబడి సాగే నొప్పులకు అదొక్కటే చాలదు.

దిండు కౌగిలించుకుని, గడ్డం ఛాతీకి ఆనించి, వీపు విల్లులా వంచి కూర్చున్నాను. నొప్పి వచ్చినప్పుడల్లా "ఆగండి సార్" అంటే ఆయన చెయ్యి ఆపేవారు. ఇరవై నిమిషాలకు ఎడమవైపు హాయిగా ఉంది గానీ కుడి గజ్జలో నొప్పి తగ్గలేదు. ఓర్చుకోవాలేమో అనుకున్నాను, నర్సమ్మ అడిగితే చెప్పాను. ఆయన గొట్టాన్ని ఒక సెంటీమీటరు వెనక్కి లాగి, కుడివైపుకు తిప్పి పడుకోబెట్టి, మళ్ళీ మందు ఇచ్చాక అదీ సర్దుకుంది. బీపీ పడిపోతుందేమోనని మొదట్లో 5 నిమిషాలకోసారి చూశారు. నాకు కాస్త వణుకు, దురద వచ్చాయి, అంతే.

గుచ్చిన చోట కొన్నాళ్ళు సలుపు ఉంటుంది; దీర్ఘకాలపు నడుము నొప్పి ఎపిడ్యూరల్ తీసుకున్నవారిలో ఎక్కువని పరిశోధనల్లో తేలలేదు. జాగ్రత్తపడవలసింది తలనొప్పి గురించి. సుమారుగా నూటికి ఒకరికి ఎపిడ్యూరల్ సూది పొరపాటున ఆ పొరకు చిల్లు చేస్తుంది. లేచి కూర్చుంటే తల పగిలిపోతూ, పడుకుంటే తగ్గుతుంటే, బాలింత వాతమని సరిపెట్టుకోకుండా వెంటనే చెప్పండి, మీ రక్తమే కొంత తీసి అక్కడ ఎక్కించి మూసే పద్ధతి ఉంది. ప్లేట్‌లెట్లు తక్కువున్నా, రక్తం పలుచబడే మందులు వాడుతున్నా ముందే తెలియజేయాలి.

అన్నిటికంటే ముందు, అర్ధరాత్రి మత్తు డాక్టరు ఉంటారా అని అడగండి. రెండో కాన్పుకు ఒంగోలులో ఉన్నాను. ఆసుపత్రి గోడ మీద "నొప్పి లేని కాన్పు" అన్న బోర్డు ఉంది, డాక్టరు మాత్రం ఊళ్ళో లేరు. ఆయన వచ్చేసరికి పాప పుట్టి గంట దాటింది.