పార్కిన్సన్స్‌కు స్టెమ్‌సెల్ ఇంజెక్షన్ కోసం పొలం అమ్మొచ్చా?

ప్రశ్న: మాది దేవరకొండ దగ్గర పల్లె. నాన్నకు 64 ఏళ్లు, ఐదేళ్లుగా పార్కిన్సన్స్. ఈ మధ్య మాత్ర పవర్ తొందరగా దిగిపోతోంది. గడప దగ్గరికి రాగానే కాళ్లు అతుక్కుపోయినట్టు ఆగిపోతున్నారు. ఎముక మజ్జలోంచి తీసిన స్టెమ్‌సెల్స్ నరానికి ఎక్కిస్తే తగ్గుతుందని ఒక క్లినిక్‌లో లక్షలు అడుగుతున్నారు. జపాన్‌లో స్టెమ్‌సెల్స్‌తో పార్కిన్సన్స్ రోగులు మెరుగుపడ్డారన్న వార్త కూడా చూపించారు. ఎకరం అమ్మి చేయించమంటారా?

జవాబు: వద్దు, దయచేసి అమ్మకండి. జపాన్ వార్త నిజమే. మీకు చేస్తామంటున్న వైద్యం మాత్రం అది కాదు.

క్యోటోలో షిన్యా యమనాకా 2006లో ఎలుక కణాల్లోకి నాలుగు జన్యువులు పంపి, వాటిని పిండదశ నాటి మూలకణాల్లా (స్టెమ్‌సెల్స్‌లా) మార్చారు. మరుసటి ఏడాది మనిషి చర్మకణాలతోనూ సాధించారు. 2012లో నోబెల్ వచ్చింది. వీటినే ఐపీఎస్ కణాలంటారు. కదలికలకు అవసరమైన డోపమైన్ అనే రసాయనాన్ని తయారుచేసే మెదడు కణాలు పార్కిన్సన్స్‌లో దెబ్బతింటాయి. అందుకే ఈ ఐపీఎస్ కణాలను ల్యాబ్‌లో డోపమైన్ తయారుచేసే నాడీకణాలయ్యే దశ దాకా పెంచి, ఆపరేషన్ చేసి నేరుగా మెదడులో పెట్టాలి. సరిగ్గా మారని కణాలు వాటిలో మిగిలిపోతే గడ్డలయ్యే ప్రమాదం ఉంది. అందుకే ఒక్కో బ్యాచ్‌నూ అంతగా పరీక్షిస్తారు. క్యోటోలో ఏడుగురికి ఇలా చేసి, 2025లో ఫలితాలు ప్రచురించారు. రెండేళ్లలో తీవ్రమైన దుష్ప్రభావాలు రాలేదు. మందు పనిచేయని సమయంలో కదలికలు ఎలా ఉన్నాయో వాళ్లలో ఆరుగురికి పరీక్షిస్తే, నలుగురికి మెరుగుపడ్డాయి. నాకూ ఎంతో సంతోషమనిపించింది. కానీ ఇంకా పెద్ద ట్రయల్స్ జరగాలి.

నరానికి ఎక్కించిన మజ్జ కణాలు మెదడులోకి చేరి డోపమైన్ కణాలవుతాయనడానికి ఆధారం లేదు. భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) 2017 మార్గదర్శకాల ప్రకారం కొన్ని రక్తవ్యాధులకు చేసే మూలకణ మార్పిడి తప్ప మిగతావన్నీ ట్రయల్‌గానే (పరిశోధన కోసం చేసే పరీక్షగానే) జరగాలి, అందులో చేరినవారి దగ్గర డబ్బు తీసుకోకూడదు. ఆ క్లినిక్ వాళ్లను సీటీఆర్‌ఐ (మన దేశంలో ట్రయల్స్ నమోదు చేసే రిజిస్ట్రీ) రిజిస్ట్రేషన్ నంబర్ అడగండి.

ఇప్పుడు నాన్న సంగతి. లెవోడోపా (మెదడులో డోపమైన్‌గా మారే పార్కిన్సన్స్ మందు) మాత్ర అన్నానికి అరగంట ముందు వేయండి, పప్పు, గుడ్డు, పాలతో కలిపితే సరిగ్గా ఒంటపట్టదు. ఏ టైముకు వేశారు, ఎప్పుడు కదలిక వచ్చింది, ఎప్పుడు దిగింది అన్నది వారం రోజులు రాసి న్యూరాలజిస్ట్‌కు చూపించండి. డోసుల మధ్య టైము మార్చినా చాలామందికి తేడా తెలుస్తుంది. అప్పటికీ కుదరకపోతే డీబీఎస్ (మెదడులో సన్నని తీగలు పెట్టి కరెంటు ప్రేరణ ఇచ్చే) ఆపరేషన్ పనికొస్తుందేమో నిమ్స్‌లో అడగొచ్చు. మాత్రలు మాత్రం మీరుగా ఆపొద్దు, ప్రాణం మీదకు రావచ్చు.

గడపకు ఇటూ అటూ అడుగు దూరంలో రంగు టేపు అడ్డంగా అతికించండి, దాన్ని దాటమనండి. ఆగిపోయినప్పుడు ముందు నుంచి చెయ్యి పట్టి లాగితే పడిపోతారు. పక్కన నిలబడి ‘ఒకటి, రెండు’ అని లెక్క చెప్పండి.