బెంగళూరులో నైట్ డ్యూటీ: ఇల్లు ఎక్కడ?

ప్రశ్న: జయనగర్ దగ్గర ఆసుపత్రిలో నర్సు ఉద్యోగం వచ్చింది. దూరమైనా అద్దె తక్కువున్న ఇల్లు తీసుకోనా?

జవాబు: వద్దమ్మా. మిగిలిన అద్దె రాత్రి ఆటోలకే పోతుంది. మెట్రో తెల్లవార్లూ నడవదు. ఇరవై నిమిషాల నడకలో, వీధి దీపాలున్న దారిలో చూసుకోండి. ఆ దారిని ఓసారి డ్యూటీ దిగే వేళకే నడిచి చూడండి.

అసలు చూడాల్సింది నీళ్లు. 2024 ఎండాకాలంలో బోర్లు ఎండి చాలా అపార్ట్‌మెంట్లు ట్యాంకర్ల మీదే బతికాయి. "24 గంటలూ నీళ్లే" అన్న మాట నమ్మకండి. షవర్ రంధ్రాల చుట్టూ తెల్లటి గట్టి పొర కనిపిస్తే అది చాలావరకు బోరు నీరే. కావేరి కనెక్షన్ (కావేరి నది నుంచి వచ్చే కుళాయి నీరు) ఉందా, సంపు ఎన్ని లీటర్లు, ట్యాంకర్ డబ్బు మెయింటెనెన్స్‌లోనేనా, విడిగానా అడగండి. ఖాళీ చేసేటప్పుడు పెయింటింగ్‌కని అడ్వాన్సులో నెల అద్దె కోయడం ఇక్కడ మామూలే. ఎంత కోస్తారో అగ్రిమెంట్‌లోనే రాయించుకోండి.

పగలు నిద్రపోవాలిగా, స్కూలు పక్కిల్లు మాత్రం వద్దు.