హెచ్‌ఐవీ ఉన్నా తల్లి కావచ్చు.. గోలీలు మాత్రం ఆపొద్దు

ప్రశ్న: నా వయసు 27. మాది దేవరకొండ దగ్గర ఒక ఊరు. నాలుగేళ్ల కింద హెచ్‌ఐవీ ఉందని తేలింది. అప్పటి నుంచి నల్లగొండ ఏఆర్‌టీ సెంటర్‌లో (హెచ్‌ఐవీ మందులిచ్చే చోటు) మందులు తీసుకుంటూ రోజుకొక గోలీ వేసుకుంటున్నా. పెళ్లయి రెండేళ్లు. మా ఆయనకు విషయం తెలుసు, ఆయనకు హెచ్‌ఐవీ లేదు. పుణెలో మేస్త్రీ పని చేస్తడు, రెండు నెలలకోసారి వచ్చి పోతడు. మా అత్తమ్మకు సంగతి తెలియదు, పిల్లలెప్పుడని రోజూ అడుగుతోంది. ఈ గోలీలు మింగుతూ గర్భం దాలిస్తే బిడ్డ అవకరంతో పుడుతుందని తెలిసినామె చెబితే పది రోజులుగా మానేశా. నాకు బిడ్డ కావాలి. ఏం చేయాలి?

డాక్టర్ సలహా: అమ్మా, మిగతావన్నీ తర్వాత మాట్లాడుకుందాం. ఇంట్లో డబ్బా ఉంటే ఈ రోజే గోలీ మళ్లీ మొదలుపెట్టండి. ఈ వారంలోనే ఏఆర్‌టీ సెంటర్‌కు వెళ్లి, పది రోజులు ఆపానని దాచకుండా చెప్పండి. తిడతారని భయపడి చాలామంది ఈ మాట మింగేస్తారు. దాంతో డాక్టర్‌కు అసలు లెక్క తెలియకుండా పోతుంది. మధ్యలో జ్వరం, దగ్గు, బరువు తగ్గడం వంటివి ఉంటే అవి కూడా చెప్పాలి.

ఆమె చెప్పిన మాట ఎక్కడి నుంచి వచ్చిందో నాకు అర్థమైంది. మీరు వాడే గోలీలో మూడు మందులుంటాయి: టెనోఫోవిర్, లామివుడిన్, డోలుటెగ్రావిర్. వీటిలో డోలుటెగ్రావిర్ వల్ల బిడ్డ వెన్నుపూసలో లోపం రావచ్చని 2018లో ఆఫ్రికాలోని బోట్స్‌వానా నుంచి ఒక హెచ్చరిక వచ్చింది. అప్పటికి లెక్కలోకి వచ్చిన కాన్పులు కొన్నే. తర్వాత వేల కాన్పులు పరిశీలిస్తే ఆ తేడా నిలవలేదు. 2019లోనే ప్రపంచ ఆరోగ్య సంస్థ గర్భం కోరుకునే మహిళలతో సహా అందరికీ ఇదే మందును ముందు వరసలో పెట్టింది. హెచ్చరిక ఊరూరా తిరిగింది కానీ, దాన్ని సరిదిద్దిన మాట అంత దూరం పోలేదు. మీలాంటివాళ్లు ఇంకా దాని ఫలితం అనుభవిస్తున్నారంటే నాకు నిజంగా బాధగా ఉంది.

బిడ్డకు అసలు ప్రమాదం గోలీ మానడంలోనే ఉంది. తల్లి ఏ మందూ వాడకపోతే కడుపులో ఉన్నప్పుడు, కాన్పులో, పాల ద్వారా కలిపి వందలో 15 నుంచి 45 మంది పిల్లలకు హెచ్‌ఐవీ సోకవచ్చు. గర్భం రాకముందు నుంచే వైరస్ అదుపులో ఉండి, కాన్పు దాకా అలాగే ఉంటే కడుపులో, కాన్పులో సోకే అవకాశం వందలో ఒకటి కన్నా తక్కువ.

కాబట్టి గర్భానికి ముహూర్తం పెట్టాల్సింది మీ వైరల్ లోడ్ రిపోర్టు, అంటే రక్తంలో వైరస్ ఎంత ఉందో చెప్పే లెక్క. సీడీ4 (రోగాలను ఎదుర్కొనే కణాల లెక్క) బాగుందంటే సరిపోదు, వైరల్ లోడ్ వేరే పరీక్ష. ఏఆర్‌టీ సెంటర్‌లో ఉచితంగానే చేస్తారు. గోలీ మళ్లీ మొదలుపెట్టి ఒక్క రోజూ తప్పకుండా మూడు నెలలు వాడాక ఈ పరీక్ష అడగండి. అప్పటిదాకా ప్రతిసారీ కండోమ్ వాడాలి. ఈ పది రోజుల్లో కలిసి ఉంటే, మీ ఆయన ఇప్పుడే పరీక్ష చేయించుకోవాలి. అందులో లేదని తేలినా, పిల్లల కోసం ప్రయత్నించే ముందు మరోసారి చేయించుకోవడం మంచిది.

వైరల్ లోడ్ మిల్లీలీటర్ రక్తానికి 200 కన్నా తక్కువకు వచ్చి అక్కడే నిలబడితే, కలయిక ద్వారా భర్తకు వైరస్ సోకదు. ఇది ప్రపంచవ్యాప్తంగా తేలిన విషయం. అప్పుడు నెలలో గర్భం నిలిచే రోజుల్లో కండోమ్ లేకుండా కలవొచ్చు. బహిష్టు 28 రోజులకోసారి సరిగ్గా వచ్చేవారికి, మొదలైన రోజు నుంచి లెక్కేస్తే పదో రోజు నుంచి పదహారో రోజు దాకా ఆ రోజులు. మీ ఆయన రెండు నెలలకోసారి వస్తారు కాబట్టి, ఆ రాక ఈ రోజులకు కలిసేలా ముందే మాట్లాడుకోండి. పాలమూరు, నల్లగొండ వలస కుటుంబాల్లో పిల్లలు ఆలస్యం కావడానికి నేను తరచూ చూసే కారణం ఈ తేదీలు కలవకపోవడమే. అయినా భయం పోకపోతే, సూది లేని సిరంజితో ఇంట్లోనే వీర్యాన్ని లోపలికి పంపుకునే పద్ధతి ఉంది, సెంటర్‌లో డాక్టర్‌ను అడగండి. దీనికోసం లక్షలు పోసి ఐవీఎఫ్‌కు వెళ్లనక్కర్లేదు.

ఈ మూడు నెలలూ ఊరికే పోనివ్వొద్దు. ఫోలిక్ యాసిడ్ ఇప్పుడే మొదలుపెట్టండి. రక్తం శాతం, షుగర్, థైరాయిడ్, సిఫిలిస్, హెపటైటిస్ బి, కిడ్నీ కోసం క్రియాటినిన్ పరీక్షలు, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ పరీక్ష చేయించుకోండి. మన నల్లగొండలో ఫ్లోరైడ్ నీళ్లు తాగి పెరిగినవాళ్లు చాలామంది. టెనోఫోవిర్ కూడా కొంతమందిలో ఎముకలు, కిడ్నీల మీద ప్రభావం చూపుతుంది. మీకు కీళ్లు, నడుం పట్టేస్తుంటే ఆ మాట డాక్టర్‌కు చెప్పాలి. అలాగని సొంతంగా గోలీ ఆపొద్దు.

ఇంకో సంగతి. గర్భం వచ్చాక ఆశా అక్క ఐరన్, కాల్షియం గోలీలు ఇస్తుంది. వాటిని ఖాళీ కడుపున ఏఆర్‌టీ గోలీతో కలిపి మింగితే డోలుటెగ్రావిర్ ఒంటికి సరిగా పట్టదు. ఏఆర్‌టీ గోలీ వేసుకున్న రెండు గంటల తర్వాత ఐరన్ వేసుకోండి. ఐరన్ ముందు వేసుకుంటే ఆరు గంటలు ఆగాలి. పొద్దున ఏడింటికి ఏఆర్‌టీ గోలీ, మధ్యాహ్నం అన్నం తిన్నాక ఐరన్, రాత్రి తిన్నాక కాల్షియం అని పెట్టుకుంటే గొడవ ఉండదు. గ్యాస్ కోసం తాగే తెల్ల మందుకూ ఇదే నియమం. పీసీఓడీ (అండాశయాల్లో నీటిబుడగల సమస్య) ఉందని ఎవరైనా మెట్‌ఫార్మిన్ అనే షుగర్ గోలీ రాస్తే, ఏఆర్‌టీ సంగతి ఆ డాక్టర్‌కు తెలియాలి. ఈ గోలీతో దాని మోతాదు రోజుకు 1000 మిల్లీగ్రాములు మించకూడదు. పిల్లలు పుట్టడానికని ఇచ్చే పసరు మందులు అసలు వద్దు.

వైరస్ అదుపులో ఉంటే మామూలు కాన్పే చేయొచ్చు. హెచ్‌ఐవీ ఉందన్న ఒక్క కారణంతో సిజేరియన్ అక్కర్లేదు. పుట్టిన బిడ్డకు కనీసం ఆరు వారాలు మందు వేస్తారు. ఆరు వారాలకు, ఆరు నెలలకు, ఏడాదికి, చివరగా ఏడాదిన్నరకు పరీక్షలు చేస్తారు. మొదటి పరీక్ష మంచిగా వచ్చిందని మిగతావి మానేయొద్దు. పాలు మీవే ఇవ్వదలిస్తే ఆరు నెలలు అవే ఇవ్వండి, మీ గోలీ తప్పకుండా. మధ్యలో డబ్బా పాలు, తేనె, నీళ్లు కలపొద్దు. అత్తమ్మ తేనె నాకిస్తానంటే, డాక్టర్ ఏదీ వద్దన్నారని చెప్పండి, సరిపోతుంది.

ఇంట్లో చెప్పాలా వద్దా అనేది మీ ఇష్టం. మీ అనుమతి లేకుండా ఆసుపత్రివాళ్లు ఈ సంగతి అత్తమ్మతో అనకూడదు. హెచ్‌ఐవీ ఉందని కాన్పు చేయం, పొమ్మనడం కూడా 2018 సెప్టెంబర్ నుంచి అమల్లో ఉన్న 2017 హెచ్‌ఐవీ, ఎయిడ్స్ చట్టం ప్రకారం తప్పు. పుణెకు వెళ్లి భర్తతో ఉందామనుకుంటే గోలీలు ఆగక్కర్లేదు, నల్లగొండ సెంటర్‌లో అడిగి అక్కడి సెంటర్‌కు బదిలీ రాయించుకోండి. ఏ అనుమానం వచ్చినా ఎయిడ్స్ హెల్ప్‌లైన్ 1097కు ఫోన్ చేయొచ్చు, ఉచితం. రిపోర్టు వచ్చాక అందులోని అంకె రాసి పంపండి, నెల తేదీలతో సహా తర్వాతి అడుగు చెబుతాను.