ట్యాంకు నిండినా ఐదో అంతస్తులో ధార సన్నగా వస్తుంటే

ట్యాంకు నిండిందంటే తప్పు మోటారుది కాదండి, పైపులో ఇరుక్కున్న గాలిది అయ్యుంటుంది. ట్యాంకు పూర్తిగా ఎండిపోయాక ట్యాంకర్ నీళ్లు ఎక్కిస్తే ఇలా అవుతుంది, ఖాళీ అయిన పైపులో గాలి చేరుతుంది. పై అంతస్తుకు ఒత్తిడి తక్కువ కాబట్టి అదంతట అది తేలిగ్గా పోదు.

1. ముందు గీజర్ స్విచ్ ఆపేయండి.
2. ట్యాంకు దగ్గర నిలువుగా ఉండే గాలి గొట్టం మూసుకుపోయిందేమో చూడండి. మా బిల్డింగ్‌లో దాన్నిండా పావురం ఈకలే.
3. కుళాయిలన్నీ ఒకేసారి తెరవండి. చాలామంది వంటింటిది ఒక్కటే తిప్పి వదిలేస్తారు. బాత్రూంలో బకెట్ దగ్గర కింద ఉండే కుళాయి తప్పనిసరి. గుడగుడమంటూ చిమ్మినా కట్టేయకండి, ధార నిలకడగా వచ్చేదాకా ఉంచండి. కొన్న నీళ్లు, బకెట్లలో పట్టుకోండి.
4. అప్పటికీ వంటింట్లో మాత్రమే సన్నగా వస్తుంటే కుళాయి మూతికున్న జాలీ విప్పండి. ట్యాంకు అడుగు మట్టి అక్కడే ఆగుతుంది. బోరు నీళ్ల తెల్లపొర ఉంటే గంటసేపు వెనిగర్‌లో నానబెట్టి పాత టూత్‌బ్రష్‌తో రుద్దండి.